మంచుగంట

అక్టోబరు 9
స్కూలు టీచరమ్మ ఒదీల్ వచ్చింది. ఫిర్మాన్ తాతగారూ, పిల్లలకి మన జిల్లా గురించి చెప్పాలి, మ్యాపు తీస్తే చాలు ఆవులిస్తున్నారు, మీరొచ్చి చెప్పండి అంది. ఏం చెబుతారో ముందు రాసుకోండి అని కూడా అంది. నాకు రాత అంతంతమాత్రం. అయినా రాస్తాను. ఈ కొండ మీద నాకంటే తెలిసినవాడు లేడు.

అక్టోబరు 14
మాది లోజేర్ జిల్లా. జనం తక్కువ. మంచిదే.
బయటి నీళ్ళు ఒక్క చుక్క మా జిల్లాలోకి రావు. ఏరులన్నీ ఇక్కడే పుట్టి బయటికి పోతాయి. మేం ఎవరి ఎంగిలీ తాగం.
పెద్ద ఊరు మాంద్. అక్కడి పెద్ద చర్చికి రెండు గోపురాలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఆఫీసులన్నీ అక్కడే. ఫ్లోరాక్ కింద లోయలో వెచ్చగా ఉంటుంది, అందుకే అక్కడివాళ్ళు వాగుతారు. లాంగోన్ సంతలో చలికి నోరు పెగలదు, తల ఊపి బేరం తెగ్గొడతారు. రాతి మైదానం మీద గొర్రెలు, బండలు. దూరం నుంచి ఏది ఏదో తెలియదు. కదిలింది గొర్రె.
వీటన్నిటి పైన మా కొండ. చలికాలం పిలవకుండా వస్తుంది, పొమ్మన్నా పోదు.

అక్టోబరు 15
చెప్పి వచ్చాను. ఒక్క పిల్లాడూ ఆవులించలేదు.
కొండ మీది ఊట పడమటికి పారి తార్న్ నదిలో కలుస్తుంది, అక్కణ్ణుంచి మహాసముద్రానికి పోతుంది అని చెప్పాను. ఒదీల్ నవ్వింది. మా నాన్న మాత్రం తూర్పుకంటాడు తాతగారూ, రోన్ నదిలోకట, వెచ్చటి సముద్రానికట అంది.
వాళ్ళ నాన్న సిప్రియాన్. కొండకి అవతలి వాలులో గొర్రెలు మేపుకుంటాడు. ఆ ఊట మీదే మాకు మాటలు పోయాయి, పెళ్ళిళ్ళు కాకముందు. ఇప్పుడు ఇద్దరి పెళ్ళాలూ పోయారు. మాటలు మాత్రం రాలేదు. నీ గుమ్మం తొక్కనురా, నువ్వు చచ్చిన రోజు మాత్రం వస్తాను, నిజమో కాదో చూసుకోవాలిగా అన్నాడు ఆఖరున.

నవంబరు 2
ఊరు మబ్బులో మునిగింది. మేకల మెడగంటలు వినిపిస్తున్నాయి, మేకలు లేవు.

నవంబరు 18
గాలి వాసన మారింది. గోపురం తాడుకి కొవ్వు రాశాను.
మా ఊళ్ళో చర్చి లేదు, గంటగోపురం మాత్రం ఉంది. మంచుగాలి లేస్తే దారి తప్పినవాడికి ఊరు ఎటుందో తెలియాలని మంచుగంట కొడతాం. వడివడిగా. చావుకైతే ఒక దెబ్బ కొట్టి, మోత పూర్తిగా ఆరిపోయాక ఇంకోటి. మా నాన్న కొట్టాడు. నేను కొడుతున్నాను.

నవంబరు 20
నిన్న రాయలేదు. అరచేతుల తోలు లేచిపోయింది.
నిన్న మధ్యాహ్నానికే లోకం తెల్లగా అయిపోయింది. ఒదీల్ పరిగెత్తుకొచ్చింది. నాన్న తప్పిపోయిన గొర్రె కోసం పైకెళ్ళాడు, రాలేదు అంది. పైన ఊట పక్కన బురద. దాని మీద మంచు పడితే నేలలాగే ఉంటుంది, కాలు పెట్టినవాడు మళ్ళీ తియ్యడు.
తాడు పట్టుకున్నాను. కొట్టాను. కొట్టాను. ఒదీల్ నేను కొడతానంది. ఇవ్వలేదు. కాసేపటికి నేనెక్కడున్నానో తెలియలేదు. గంట లోపల కూర్చున్నట్టుంది. చేతులు చచ్చుబడ్డాయి. ఒక దెబ్బ, చాలాసేపటికి ఇంకో దెబ్బ. అయినా ఆపలేదు.
తలుపు తెరుచుకుంది. సిప్రియాన్. కనుబొమల నిండా మంచు. టోపీ తీసి గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు, శవం ముందు నిలబడ్డట్టు. నన్ను చూశాడు.
ఓరి దరిద్రుడా, బతికే ఉన్నావా అన్నాడు.
ఒదీల్ వాణ్ణి కొట్టింది, తర్వాత కావలించుకుంది.
పొయ్యి దగ్గర చెప్పాడు. ముందు గంట వడిగా మోగుతుంటే విన్నాడట. ఆ గాడిద గంట పట్టుకుని నేను నడవాలా అని గంటకి వీపు పెట్టి అవతలికి తిరిగాడట. అటు బురదే. అంతలో గంట నెమ్మదించింది. చావుగంట, ఫిర్మాన్ పోయాడనుకుని ఇటు తిరిగాడట. మాట ఇచ్చానుగా, రాక చస్తానా అన్నాడు.
చెస్ట్‌నట్ సూపు పోశాను. ఉప్పు లేదన్నాడు. తాగాడు.
నీళ్ళు పడమటికే అని ఒప్పుకో అన్నాను. నువ్వు చచ్చాక ఒప్పుకుంటాను అన్నాడు.

జనవరి 11
ఆదివారాలు వస్తున్నాడు. పొయ్యి పక్కన కునుకుతాడు, లేచి నా సూపుకి వంకలు పెడతాడు, పోతాడు.

ఫిబ్రవరి 23
కలలో ఊట రెండు వైపులా పారుతోంది. ఇద్దరం చెరో వైపు కాళ్ళు పెట్టి కూర్చున్నాం. నీళ్ళు చల్లగా లేవు. వాడికి చెప్పలేదు.

మార్చి 30
సిప్రియాన్ పోయాడు. నిద్రలోనే అని ఒదీల్ చెప్పింది.
చావుగంట కొట్టలేదు. మంచుగంట కొట్టాను, వడివడిగా, చేతులు ఆడినంతసేపు. ఆకాశంలో మబ్బు తునక లేదు. జనం గుమ్మాల్లోకొచ్చి మంచెక్కడా అని చూశారు.
తలుపు తీసే ఉంచాను.