పదహారు చిల్లుల అట్ట

అమ్మా, ఉద్యోగం ఊడలేదు, కంగారుపడకు.

నువ్వు చెప్పులు పంపిన పెట్టె మూతకు పదహారు చిల్లులు పొడిచి, ఇంజను వాల్వులను విప్పిన వరుసలోనే గుచ్చాను. ఏది ఎక్కడిదో అక్కడికే పోకపోతే ఇంజను సరిగ్గా నడవదు. మేస్త్రీ చూసి, "వాల్వులకు వరసలు కలుపుతున్నావా? ట్రేలో పడెయ్, లేదంటే రేపట్నుంచి రాకు" అన్నాడు. ఒళ్లు మండింది, అట్ట మాత్రం వదల్లేదు. ఆయన ట్రేలో కలిపేసి బిగించిన ఇంజను మూడు రోజులుగా దగ్గుతోంది. నాది తాళం తిప్పగానే అందుకుంది. నిన్న పక్కకొచ్చి, "ఒరేయ్, ఆ అట్ట ఓసారి ఇయ్యి" అన్నాడు. "రావద్దన్న మాట వెనక్కి తీసుకోండి, ఇస్తా" అన్నాను. తీసుకున్నాడు.

చెల్లి కళ్లద్దాలు మార్పించారా? నాన్నకు నమస్కారం, దానికి ఒక మొట్టికాయ. రేపట్నుంచి నాకు గేరుబాక్సు పని. అందులో విడిభాగాలు ఇంకా చిన్నవి. చెప్పులు వద్దు గానీ, ఖాళీ పెట్టెలు రెండు పంపు.

నీ మొండి కొడుకు