జిల్లేడు కాని ఆకులు

అమ్మా శర్వాణీ,

నైట్ డ్యూటీ చేసి పడుకున్నావని లేపలేదు. వంటింట్లో పళ్ళెంలో పెట్టిన ఆకుల్ని పారెయ్యకు.

ఇక్కడ ఎండాకాలంలో వచ్చే రథసప్తమి స్నానానికి హామిల్టన్‌లో జిల్లేడు దొరకదని, పెరట్లో పాలు కారే మొక్కవి తెల్లారకముందే చీకట్లో ఏడాకులు కోశాను. ధృతి స్కూలుకెళ్ళాక చూస్తే, ఆ మొక్కకు అట్టముక్క కట్టి ఉంది. దానిమీద నారింజ రెక్కలకు నల్లగీతలున్న మోనార్క్ సీతాకోకచిలుక బొమ్మ వేసింది. చెత్తబుట్టలోంచి ఆకులు తీసి అద్దాలు పెట్టుకుని చూశాను. అడుగున గసగసాలంత తెల్లటి గుడ్లున్నాయి.

తడిసినా బతుకుతాయేమో కనుక్కుని ఫోన్ చెయ్యి. నేను స్కూలు గేటు దగ్గరే ఉంటాను. పిల్ల బయటికొచ్చేలోగా నాకు తెలియాలి.

పొద్దున ఆ ఆకులు తలమీద పెట్టి నీళ్ళు పోస్తుంటే, "నో నానమ్మా, నో" అని ఏడ్చింది. స్నానానికి ఎప్పుడూ ఉండే పేచీయే అనుకుని, కళ్ళు గట్టిగా మూసుకోమన్నాను.

మీ అత్తయ్య