తేట మందు

17-1-79, బుధవారం

దేవుడు మనిషికి ఎంత తెలివి ఇచ్చాడు! మా అమ్మాయి రూతు రక్తం తీసి, ఐసు డబ్బాలో పెట్టి మద్రాసు పంపారు. ఒంట్లో ఫిట్స్ మందు ఎంత ఉందో అక్కడి కొత్త మిషను చెబుతుందట. ల్యాబులో మరియదాసు మా గుణదల కుర్రాడే, బస్సు సీట్లతో పోల్చి చెప్పాడు. రక్తంలో ఉన్న మందు, ఎంజైము మూట తగిలించిన మందు, రెండూ ఒకే సీట్ల కోసం తోసుకుంటాయట. రక్తంలో మందు ఎక్కువుంటే సీట్లన్నీ అదే పట్టేస్తుంది, మూటవాళ్లు నిలబడిపోతారు, నిలబడ్డ మూటే పని చేస్తుంది బాబాయ్, ఆ పనిని మిషను కొలుస్తుంది అన్నాడు. సగం అర్థమైంది. సంతోషం మాత్రం నిండా కలిగింది.

20-1-79

మళ్లీ ఫిట్స్ వచ్చాయి. బడిలో, ప్రార్థన టైములో. లేక లేక పుట్టిన పద్నాలుగేళ్ల పిల్ల. డాక్టరు రామకోటేశ్వరరావుగారు ఒక చెంచాతో మొదలుపెట్టి మూడు దాకా పెంచారు. ఇంకా మందు పనిచెయ్యకపోతే తలకి ఆపరేషనే అన్నారు. మా ఆవిడ సంపూర్ణం అన్నం ముట్టలేదు.

30-1-79, మంగళవారం

రిపోర్టు వచ్చింది. పదికీ ఇరవైకీ మధ్య ఉండాలట. రూతుకి రెండు.

అసలు పిల్లకి మందు ఇస్తున్నారా అని అడిగారు డాక్టరుగారు. నాకు ఒళ్లు మండిపోయింది. మరియమ్మతల్లి మీద ఒట్టు, ఒక్క పూట తప్పలేదండీ అన్నాను. కోప్పడకండి జక్కయ్యగారూ, రేపు సీసా తెచ్చి నా ముందు పోసి చూపించండి అన్నారు.

31-1-79

రిక్షాలో కుదుపు తగలకుండా సీసాని ఒళ్లో పట్టుకుని వెళ్లాను. బల్ల మీద పెట్టి, కాసేపు ఆగి, పైన తేటని మెల్లగా చెంచాలోకి వంచాను. అడుగున మడ్డి ఏం చేస్తారు అన్నారు డాక్టరుగారు. మల్లెపాదులో పోస్తామండీ అన్నాను.

ఆయన సీసా అందుకుని వెలుతురుకి పట్టి చూశారు. ఆ మడ్డేనండీ మందు అన్నారు.

ముప్పైయేళ్లు ఏలూరు కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తే లస్కరుగా చేశాను. ఎర్రనీళ్లలో ఇండుపగింజ అరగదీసి, బిందె కదపకుండా తేట వంచుకుని బతికాం. నా బిడ్డకి మడ్డి తాగిస్తానా? ఊపి వాడమని సీసా మీద ఇంగ్లీషులో ఉందట. నాది ఐదో క్లాసు.

మీ మల్లెచెట్టుకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా బాబాయ్ అన్నాడు మరియదాసు. నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. రెండేళ్లు పిల్ల పడింది, నా చేతి మీదుగా.

కానీ ఆపరేషను లేదు! మందు పనిచెయ్యక కాదు, అందక! కొత్త సీసా. ఒకటే చెంచా, బాగా ఊపి.

11-2-79

మాత ఉత్సవం. రూతు నా చెయ్యి పట్టుకోకుండా కొండెక్కింది.

2-3-79

రెండో రిపోర్టు. పద్నాలుగు! పిల్ల వయసూ అంతే, మందూ అంతే అని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. కాలవలో తూము ఊడినట్టు ఏమిటండీ ఆ అరుపులు, లోపలికి రండి అంది సంపూర్ణం. ఆవిడా నవ్వుతూనే ఉంది.

12-3-79

నాన్నా, చాలు, నురగొస్తోంది అంది రూతు.

ఇంకా ఊపాను.