సరిహద్దుకి ఆవల పన్ను

షారన్, పెన్సిల్వేనియా
ఏప్రిల్ 3

అక్క డొలోరెస్‌కి,

నిన్న టపా వచ్చేదాకా బాగానే ఉన్నాను. నాన్న సాసేజ్ కొట్టు లాభంలో నా సగానికి మా రాష్ట్రం వాళ్ళు పూర్తి పన్ను కట్టమన్నారు. కొట్టు ఉన్నది మీ ఒహాయోలో. అక్కడ కట్టేశాక ఇక్కడ మళ్ళీ ఎందుకు? ఇన్నేళ్ళూ అక్కడ కట్టిన రసీదు చూపిస్తే ఆ మేరకు ఇక్కడ జమ వేసుకునేవాళ్ళు. ఈ ఏడు కుదరదట. నీకు మాత్రం జమ వచ్చిందని చర్చిలో విన్నాను.

ఒకే తండ్రి, ఒకే కొట్టు, చెరి సగం. నీకో న్యాయం, నాకో న్యాయమా? ఇదంతా మీ ఊళ్ళో ఉండి మన లెక్కలు చూసే ఎమిల్ చలవే. భార్య పోయిన దగ్గర్నుంచి ఆయనకి ప్రతి ఆదివారం అక్రోట్లు పెట్టి చుట్టిన నట్ రోల్ రొట్టె మోసుకెళ్తున్నావుగా!

ఇలాగైతే నా వాటా బయటివాళ్ళకి అమ్మేస్తాను.

నీ చెల్లెలు
జెనీవీవ్

తా.క. వయసులో ఉన్నప్పుడు ఆయన పోల్కా డాన్సు ఆడింది నాతో. గుర్తుచేస్తున్నాను, అంతే.

హబ్బర్డ్, ఒహాయో
ఏప్రిల్ 8

చెల్లెమ్మా,

కొట్టే తన పేరు మీద పన్ను కట్టేలా కిందటేడు ఇద్దరం సంతకాలు పెట్టాం. చర్చిలో చేపల విందు హడావిడిలో నువ్వు చదవకుండానే పెట్టావు. అలా కడితే వాషింగ్టన్‌కి కట్టే కేంద్ర పన్ను ఇద్దరికీ తగ్గుతుంది. కొట్టు కట్టిన పన్నుని మా రాష్ట్రం నాకు జమ వేస్తుంది. మీ రాష్ట్రమేమో కట్టింది కొట్టు, నువ్వు కాదు పొమ్మంటుంది. ఇందులో నట్ రోల్ చేసిందేమీ లేదు. నమ్మకపోతే వెళ్ళి ఎమిల్‌నే అడుగు.

మొగుళ్ళు పోయినవాళ్ళం ఇద్దరమూను. కానీ అమ్మ అందం నీకొచ్చింది, పెద్ద వరండా ఇల్లు నీకొచ్చింది. నాకు ఒక్క జమ వస్తే ఓర్వలేవా?

అక్క
డొలోరెస్

తా.క. వెళ్తే ఆ ఆకుపచ్చ కోటు వేసుకోకు. అది నీకు బాగుంటుంది.

షారన్
ఏప్రిల్ 15

అక్కకి,

వెళ్ళాను. ఎమిల్ మొత్తం వివరించాడు. మొదటిసారే అర్థమైంది, అయినా ఇంకోసారి చెప్పించుకున్నాను. నీ మీద అనుమానపడినందుకు ఏమీ అనుకోకు. "నీ గడప సరిహద్దుకి ఆవల ఉందన్న సంగతి నాకు తట్టలేదు జెన్నీ, తప్పు నాదే" అన్నాడు.

అయిపోయిన ఏడాదికి చేసేదేం లేదట. ఇక మీదట ఎవరి పన్ను వాళ్ళమే కడదామని ఇద్దరం ఒప్పుకుంటే చాలు, రసీదు నా పేరున వస్తుంది. నేను సంతకం పెట్టేశాను. నువ్వూ పెట్టు.

జెనీవీవ్

తా.క. నీ నట్ రోల్ మాట వచ్చింది. మంచి మనిషి, ఏమీ అనలేదు. కాఫీలో నానబెట్టుకుని తిన్నాడు.

హబ్బర్డ్
ఏప్రిల్ 19

జెనీవీవ్‌కి,

జెన్నీ అన్నాడా? ఇన్నేళ్ళు నట్ రోల్ తిని నన్ను ఇప్పటికీ మిసెస్ హుడాక్ అనే పిలుస్తాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది, దాచుకోను.

సంతకం పెట్టను. వాషింగ్టన్‌ దగ్గర మిగిలేది నీ కోసం ఎందుకు వదులుకోవాలి? మా వైపు సుఖం కావాలంటే మా వైపుకే వచ్చి కాపురం ఉండు.

డొలోరెస్

తా.క. ఆ కోటు వేసుకునే వెళ్ళావు కదూ?

హబ్బర్డ్, ఒహాయో
మే 10

అక్కా,

పైన ఊరి పేరు పొరపాటు కాదు.

నీ ఉత్తరం పట్టుకుని ఏడుస్తూ ఎమిల్ దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, మీ అక్క చెప్పిందీ సబబే, ఒహాయోలో ఉంటే జమ నీకూ వస్తుంది, మా మేడ మీద ఖాళీయే అన్నాడు. మేడ మీద అద్దెకుండే వయసు కాదు నాదన్నాను.

"కింద కూడా ఖాళీయే, జెన్నీ" అన్నాడు.

పెళ్ళి జూన్‌లో. అప్పటిదాకా ఆయన అక్కగారింట్లో దిగాను. షారన్ ఇల్లు అమ్మకానికి పెట్టాను, కొట్టులో వాటా అమ్మను. మన వైపు పెళ్ళంటే వచ్చినవాళ్ళ కోసం ఇంట్లో చేసిన కుకీలతో ఒక బల్ల నిండాలి, ఆ బల్ల నింపాల్సింది పెళ్ళికూతురి తోబుట్టువే. నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఇన్నాళ్ళూ నిన్ను చూసి కుళ్ళుకున్నదాన్ని, ఆ మంట నాకు తెలియంది కాదు. అయినా రా.

నీ చెల్లెలు
జెనీవీవ్

తా.క. నువ్వు ఆ సంతకం పెట్టేసి ఉంటే, ఆయన దగ్గరికి రెండోసారి వెళ్ళే పనే ఉండేది కాదు నాకు.