ఛాతీ అంగుళం తక్కువైనందుకు

సౌత్‌లాండ్, న్యూజిలాండ్
ఫిబ్రవరి 1900

తమ్ముడు మర్డోకు,

మా లాక్లన్ ఇంటికొచ్చేశాడురా! దక్షిణాఫ్రికా యుద్ధానికి పనికిరాడని డాక్టరు తిప్పి పంపాడు. ఛాతీ అంగుళం తక్కువట. ఆ డాక్టరు చల్లగా ఉండాలి! మీ వదిన ఏడుస్తూనే నవ్వుతోంది.

మా ఊరి పెద్దల్ని మాత్రం క్షమించలేను. ఇంగ్లండు రాణిగారు అడక్కముందే ఇరవైమంది కుర్రాళ్లను ఇస్తామని తంతి పంపారు. దేనికి? అక్కడ మనలాగే గొర్రెలు మేపుకునే బోయరు రైతులను కాల్చడానికి! "మరి మీవాడో?" అని సభాపెద్ద గిల్‌క్రిస్ట్‌ను అడిగాను. "మావాడు పోతే ఉన్ని ఎవరు కత్తిరిస్తారయ్యా?" అన్నాడు సిగ్గులేకుండా.

ఎవరి గుర్రం వాళ్లే తెచ్చుకోవాలన్నారు కదా. లాక్లన్‌ను వద్దని, వాడి గుర్రాన్ని మాత్రం ఉంచేసుకున్నారు. దాని మెడకు రిబ్బను కట్టి, బ్యాండు వాయించి ఓడ ఎక్కించారు. ఛీ!

వాడేమో అవమానంతో తలెత్తడం లేదు. "బాబాయి వాళ్ల ఊళ్లో కొలతలు అంత పట్టించుకోరట నాన్నా, గుర్రం ఉంటే చాలట" అంటున్నాడు. శనివారం నీ దగ్గరికి వస్తాడు. కడుపునిండా పెట్టు, ఎన్నాళ్లయినా ఉంచుకో. అన్ననై ఉండి నీ కాళ్లు పట్టుకుంటున్నాను, గుర్రం మాత్రం ఇవ్వకురా.

నీ అన్న