చక్రాల మధ్య రెండు వేళ్లు

క్వార్ట్‌సైట్, జనవరి 9.

అర్లీన్ అక్కకు, నేనూ మా ఆయనా క్షేమమే, టైర్లకే బాగాలేదు.

వెండెల్ బావ మాకమ్మిన ఇంటి ట్రైలర్‌కి నెలలో రెండో టైరు అరిగిపోయింది. నమ్మకం కుదరక వంగి చూశాను. ఒక పక్క జంటగా ఉండే ముందు, వెనక టైర్ల మధ్య నాలుగు వేళ్లు పడుతున్నాయి, రెండో పక్క రెండే! "చుట్టాల బండికి కొలతలేంటే?" అని డ్వేన్ కసిరాడు. చలికాలానికి ఈ ఎడారిలో దిగిన ట్రైలర్లన్నీ కొలిచొచ్చాను, అన్నిటికీ రెండు పక్కలా సమానమే. బావ దేనికో గుద్దించి ఇరుసు వంచాడని నా అనుమానం.

నీ మోకాలెలా ఉంది? నా అల్లిక సూదులు పంపు.

ఈ కార్డు బావ కంట పడనివ్వకు. "టైర్ల మధ్య ఎడం తగ్గిందట" అని మాత్రం అను. ఏ పక్కో తనంతట తానే చెప్పాడంటే దొరికినట్టే. పిల్లలకు ముద్దులు. బావకు నా నమస్కారాలు ఆ జవాబు విన్నాకే చెప్పు.

నీ చెల్లెలు మావిస్