సైకిలుకు బ్రేకు బిగించిన సంగతి

మార్చి 9, ఆదివారం. ఉతుకుడు, ఇస్త్రీ అయ్యాయి. కూరలు తెచ్చాను. రాత్రి వంట మిగిలింది.

ఏమండీ, అమ్మాయి క్షేమం. నిన్న తన ట్రాక్ సైకిలు తుడుస్తుంటే దానికి బ్రేకులే కనబడలేదు. రోడ్డు సైకిలుకు ఉన్నాయి కదా, దీనికి మరిచిపోయారనుకుని మెకానిక్ చేత ఒకటి బిగింపించి, సైకిలును సంచిలో నేనే సర్దేశాను. ఈరోజు ట్రాక్ పోటీలో మొదటి ముగ్గురిలో ఉంటేనే జట్టువాళ్లు వచ్చే ఏడాదికి ఉంచుకుంటారు. ఈలోపు కాలో చెయ్యో విరగకూడదని నా ఆరాటం.

ఈరోజు సంచి విప్పగానే కోచ్ గారు తల పట్టుకున్నారు. "అమ్మగారూ, ఇక్కడ ఎవరికీ బ్రేకు ఉండదండీ. పెడళ్లను కాళ్లతో బిగబట్టే వేగం తగ్గించుకోవాలి. ఒక్కరు బ్రేకు వేసినా వెనకవాళ్లంతా వచ్చి మీద పడతారు!"

"నయమే అమ్మా, వెనక క్యారియర్ కూడా పెట్టించలేదు!" అంది మన పిల్ల.

గబగబా విప్పేశారు. గోడలా లేచిన ఆ ట్రాక్ మీద అంతమంది బ్రేకుల్లేకుండా భుజాలు రాసుకుంటూ దూసుకుపోతుంటే కోచ్ గారి మాట అప్పుడు అర్థమైంది. దాన్ని కాపాడుతున్నాననుకుని ఎంత పని చేయబోయానండీ! మూడో స్థానంలో వచ్చింది. ఉంచుకుంటామన్నారు.

బీపీ మాత్ర మానకండి. గ్యాస్ బండ వచ్చిందా? నా శాలువా పంపండి. అత్తయ్యగారికి నమస్కారాలు, చిన్నవాడికి ఆశీస్సులు.

బిగించిన మెకానిక్‌కు కూలి, విప్పిన కోచ్ గారికి క్షమాపణ, రెండూ ఇచ్చేశాను. బాకీ లేదు.